ప్రియవైద్యుడు సర్ జేమ్సు మెకంజీ

మహనీయుల చరిత్రములను జదువునపుడు మనకు సాధారణముగా గొప్ప నగరములు, గొప్ప కళాశాలలు, గొప్ప పదవులు జ్ఞప్తికి వచ్చును. ఒక శాస్త్రమునకు క్రొత్త త్రోవ చూపినవాడు పెద్ద ప్రయోగశాలలో గూర్చుండి యుండునని మన తలంపు. మేమిచ్చట చెప్పబూనిన మహాశయుని చరిత్ర యీ తలంపును సరిదిద్దుచున్నది. ఆయన తన జీవితములో 28 సంవత్సరములు ఒక మిల్లుల పట్టణములో కూలివారి యిండ్లకు దిరుగుచు, ప్రసవములు చేయించుచు, దగ్గులకును జ్వరములకును మందులిచ్చుచు గడపిన సామాన్య వైద్యుడు. అట్టివాడే గుండె జబ్బులను గూర్చి వైద్యలోకము తలచు రీతిని మార్చివేసెను. ఆయన పేరు జేమ్సు మెకంజీ.

మెకంజీ 1853వ సంవత్సరము ఏప్రిలు 12వ తేదీన స్కాట్లండు దేశమున పెర్తుషైరులో, స్కోన్ గ్రామమునకు జేరిన పిక్ట్స్‌టన్‌హిల్ అను పొలములో జన్మించెను. తండ్రి వ్యవసాయము చేయువాడు. బాలుడు పెర్తు పట్టణమందలి అకాడమీలో చదువుకొనెను గాని, అచ్చటి చదువు ఆయనకు రుచింపలేదు. ఆ కాలపు బడులలో వల్లించి యొప్పగించుటయే విద్య. విషయమునకు హేతువు తెలిసినగాని మనస్సునకు పట్టని స్వభావము ఆయనది. కనుక 15వ యేట బడి మానివేసి, ఒక మందుల దుకాణములో పని నేర్చుకొనుటకు జేరెను. కొన్నియేండ్లకు ఆ వ్యాపారములో భాగస్వామిగా జేర్చుకొందుమన్న పిలుపు వచ్చెను. అది భుక్తికి లోటులేని జీవనము. కాని మందులు కట్టియిచ్చుటకంటె ఆ మందులు రోగికేమి చేయుచున్నవో తెలిసికొనవలెనన్న కోరిక బలీయమై, ఆయన ఆ పిలుపును కాదని, 1874లో ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా బ్రవేశించెను. 1878లో పట్టము పుచ్చుకొని, 1879లో ఇంగ్లండునందలి లంకాషైరులో బర్న్‌లీ అను పట్టణమునకు వైద్యుడుగా వెళ్లెను.

లంకాషైరు బట్ట యనిన మన తాతముత్తాతలకు తెలియని వస్తువు కాదు. ఆ బట్ట నేయు మిల్లుల పట్టణములలో బర్న్‌లీ యొకటి. మరమగ్గముల మ్రోత, బొగ్గు పొగ, వరుసలుగా గట్టిన కార్మికుల యిండ్లు, ఊరి చుట్టును బొగ్గు గనులు, ఇదియే ఆయన పని చేసిన స్థలము. మరియిద్దరు వైద్యులతో గలిసి ఆయన వైద్యము సాగించెను. పగలనక రాత్రియనక పిలుపులు వచ్చుచుండెను. విద్యార్థిదశలో ఆసుపత్రియందు తాను చూచిన రోగములు వేరు, ఇచ్చట తన యెదుటికి వచ్చు రోగములు వేరు అని ఆయన త్వరలోనే గ్రహించెను. ఆసుపత్రికి రోగి చేరునప్పటికి జబ్బు ముదిరి యుండును. ఇంటింటికి దిరుగు వైద్యుని యొద్దకు అది మొలక దశలోనే వచ్చును. కాని ఆ మొలకను గుర్తించు విధము ఏ గ్రంథమునందును లేకుండెను.

ఆయన బర్న్‌లీలో పని ప్రారంభించిన తొలి దినములలోనే ఒక విచారకరమైన సంగతి జరిగెను. గర్భవతియైన యొక యువతి ఆయన చికిత్సలో నుండెను. ప్రసవ సమయమున ఆమె గుండె అకస్మాత్తుగా నీరసించి, ఆయన కన్నుల యెదుటనే ఆమె ప్రాణము విడిచెను. ఆమెకు గుండె జబ్బు గలదు. కాని ఆ జబ్బు ప్రసవ భారమునకు తాళునా తాళదా యని ముందుగా జెప్పగల సాధనము ఆయన యొద్ద లేదు. ఆయన గ్రంథములను వెదకెను. పెద్దలను విచారించెను. ఎవరును నిశ్చయముగా జెప్పలేకపోయిరి. మరియొకడైనచో దైవ నిర్ణయమని సమాధానపడి మరునాటి రోగులను చూచుటకు బోయియుండును. మెకంజీ మాత్రము ఆ ప్రశ్నను విడువలేదు. గుండె జబ్బుగల యొక మనుష్యుని చూచినపుడు, ఇతడు బ్రదుకునా, పని చేయగలడా, ఈమె బిడ్డను గనగలదా యని చెప్పుట యెట్లు? ఆయన శేష జీవితమంతయు ఈ ప్రశ్నకు జవాబు వెదకుటయే.

ఆ కాలపు స్థితిని ఇచ్చట కొంచెము చెప్పవలసియున్నది. 1816లో ఫ్రాన్సు దేశీయుడగు లెన్నెక్ పండితుడు స్టెతస్కోపును గనిపెట్టిన తరువాత వైద్యులు గుండె చప్పుళ్లను వినుట నేర్చిరి. గుండెలో నేదైన నొక అదనపు ధ్వని వినబడినను, నాడి ఒక దెబ్బ తప్పినను, అది ప్రమాద చిహ్నమని యెంచుట వాడుకయయ్యెను. అట్టివారిని పని మానుమనియు, మెట్లెక్కవద్దనియు, వివాహము చేసికొనవద్దనియు శాసించుచుండిరి. ఆరోగ్యవంతులనేకులు ఈ విధముగా జీవితాంతము మంచము పట్టిన రోగులవలె బ్రదికిరి. మరియొక వైపున నిజముగా ప్రమాదములోనున్నవారు ఆ యువతివలెనే హెచ్చరిక లేక మరణించుచుండిరి. ఏ చిహ్నము చెడ్డది, ఏది నిరపాయకరమైనది యని చెప్పవలెనన్న ఒకటే మార్గము గలదు. ఆ చిహ్నముగల మనుష్యుని సంవత్సరముల తరబడి కనిపెట్టి చూడవలెను. అంత ఓపిక పట్టినవారు అరుదు. ఆసుపత్రి వైద్యునికి రోగి కొన్ని దినములే కనబడును. ఊరి వైద్యునికో, అదే రోగి యిరువదియేండ్లు కనబడును. తన స్థితిలోని ఈ లాభమును మెకంజీ గుర్తించెను. ఆయన తెలివికి మూలమిదియే యని మేము తలచుచున్నాము.

ఆయన ప్రతి రోగిని గూర్చియు వివరముగా వ్రాసి యుంచ నారంభించెను. నాడి లక్షణమును వ్రాతలో మాత్రమే గాక గీతగా గూడ పట్టవలెనని తలచెను. మణికట్టు నాడి గుండె యొక్క ఎడమ జఠరిక పనిని తెలుపును. కాని గుండెకు పై గదులు రెండు గలవు, వానిని కర్ణికలందురు. వాని పనిని తెలిసికొనుట యెట్లు? మెడ ప్రక్కన నుండు పెద్ద సిరలో సన్నని యదురు కనబడును. ఆ సిర కుడి కర్ణికకు నేరుగా సంబంధించినది గనుక, కర్ణిక ముడుచుకొనినపుడెల్ల ఆ సిరలో నొక అల లేచును. మెడ సిరను, మణికట్టు నాడిని ఒకే కాగితముపై ఒకే కాలమున గీయించినచో పై గది యెప్పుడు ముడుచుకొనెనో, క్రింది గది యెప్పుడు ముడుచుకొనెనో ప్రక్కప్రక్కనే కనబడును. కోత లేదు, నొప్పి లేదు. బ్రదికియున్న మనుష్యుని గుండె తన కథను తానే కాగితముపై వ్రాయుచున్నట్లుండును.

ఇట్టి గీతలు గీయు యంత్రమునకు పాలిగ్రాఫు అని పేరు. మొదట ఆయన వాడినది మసి పూసిన కాగితముపై గీయునది. అది యిండ్లకు గొనిపోవుటకు వీలుకానిది. తరువాత సెబాస్టియన్ షా అను గడియారముల పనివానితో గలిసి, సిరాతో వ్రాయునదియు, గడియారపు యంత్రముచే కాగితపు చుట్టను నడపునదియు నగు చిన్న పరికరమును సిద్ధపరచెను. చిన్న గిన్నెవంటి భాగము మెడమీద నానించుదురు, మరియొకటి మణికట్టున గట్టుదురు. వానినుండి రబ్బరు గొట్టములు బయలుదేరి కలములను గదలించును. మూడవ కలము కాలమును సెకండులో అయిదవ వంతు చొప్పున గుర్తించుచుండును. పల్లెలందుకూడ ఈ పరికరము చేతిసంచిలో బట్టునట్టిది. ఒక మహాశాస్త్రమునకు ఊరి గడియారములవాడొకడు చేయిచ్చెనన్న సంగతి మన పనివాండ్ర పిల్లలు మరువకుందురు గాక.

ఈ గీతలవలన తేలిన మొదటి సంగతి అనేకులకు ప్రాణము పోసినట్టిది. దెబ్బ తప్పిన నాడులన్నియు నొకటి కావు. చిన్నపిల్లలలోను యువకులలోను నాడి యూపిరితోబాటు మారుచుండును. మన విద్యార్థులు తమ మణికట్టును పట్టుకొని నెమ్మదిగా దీర్ఘముగా శ్వాస తీసి విడిచినచో, లోనికి బీల్చునపుడు నాడి కొంచెము వేగమై, విడుచునపుడు నెమ్మదియగుట అనేకులకు స్వయముగా దెలియగలదు. ఇది రోగము కాదు, యౌవనపు గుర్తు. మరికొందరిలో ఒక దెబ్బ తన వేళకు ముందే పడి, తరువాత కొంత యెడము వచ్చును. గుండె ఆగిపోయెనని వారు హడలిపోవుదురు. ఇట్టి ముందు దెబ్బలుగల వారిని మెకంజీ యేండ్ల తరబడి చూచెను. గుండెలో వేరొక జబ్బు లేనిచో వారు పనిపాటలు చేసికొనుచు, బిడ్డలను గనుచు, ముదుసళ్లగుచు సుఖముగా నుండిరి. భయపడవలసినది లేదని ధైర్యముగా జెప్పగలిగినది ఆ యేండ్ల లెక్కవలననే.

రెండవ సంగతి దీనికి ప్రతిగా నున్నది. 1880 మొదలు ఆయన చూచుచుండిన స్త్రీ యొకతె గలదు. ఆమె గుండెయందలి యొక కవాటము ఇరుకుపడి యుండెను. ఆమె మెడ సిరలో కర్ణిక యొక్క అల స్పష్టముగా గనబడుచుండెను, కర్ణిక ముడుచుకొనునపుడు పుట్టు ధ్వనియు వినబడుచుండెను. పదునేడు పదునెనిమిది సంవత్సరములు గడచిన తరువాత ఆమెకు హఠాత్తుగా జబ్బు హెచ్చెను. నాడి యే లెక్కకును లొంగక చిందరవందరగా గొట్టుకొన నారంభించెను. గీత తీసి చూడగా మెడలోని ఆ అల మాయమై యుండెను. వెనుకటి ధ్వనియు లేదు. పై గది ముడుచుకొనుట మానినదని ఆయన గ్రహించెను. అంతకు పూర్వపు గీతలు పదిలముగా నుంచుకొనకపోయినచో ఈ మార్పు ఆయన కంటబడి యుండదు.

కర్ణికకు పక్షవాతము వచ్చినదని మొదట ఆయన యూహించెను. తరువాత వేరొక విధముగా భావించెను. ఆ యూహలు రెండును పూర్తిగా సరియైనవి కావు. కష్ని అను ఔషధశాస్త్రజ్ఞుడు మొదలగువారి పరిశోధనలును, 1909లో తామసు లూయిస్ అను యువ వైద్యుడు విద్యుత్ గీతలతో చేసిన పరీక్షలును కర్ణిక నిశ్చలముగా నుండక సన్నగా వణకుచున్నదని తేల్చెను. దీనినే నేడు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని వైద్యులు చెప్పుదురు. ఆ లూయిస్ గుండె శాస్త్రమున గొప్పవాడగుటకు మెకంజీ సాంగత్యమే ముఖ్యకారణము. ఇట్టి రోగులకే డిజిటాలిస్ అను ఆకుమందు మిక్కిలి మేలు చేయుచున్నదని మెకంజీ తన గీతలతో జూపెను. 1785లో విలియం విదరింగ్ ప్రకటించిన ఈ మందును అప్పటివరకు వైద్యులు తగినవారికిని తగనివారికిని ఒకే తీరున నిచ్చుచుండిరి.

గుండె దెబ్బల క్రమము తప్పుటకు కారణమేమని విచారించు మెకంజీ, తాను చిరకాలము కనిపెట్టిన రోగులు మరణించినపుడు వారి గుండెలను లండనులో నుండిన ఆర్థర్ కీత్ అను శరీరశాస్త్రజ్ఞునికి పంపి పరీక్షింపజేసెను. ఆ పనివలన కీతుకు గుండె నిర్మాణమునందు ఆసక్తి పెరిగెను. 1907లో కీత్, ఆయన శిష్యుడు మార్టిన్ ఫ్లాక్ అనువారలు కుడి కర్ణిక పైభాగమున, పెద్ద సిర వచ్చి కలియు చోట, ఒక చిన్న కణజాలపు ముద్దను గనుగొని ప్రకటించిరి. గుండెకు ప్రతి దెబ్బయు అచ్చటనే పుట్టి క్రిందికి దిగుచున్నదని తరువాత రుజువయ్యెను. గుడిలో గంట మ్రోగినపుడు ఊరంతయు మేల్కొనునట్లు, ఆ ముద్ద పంపిన ప్రేరణకు గదులు వరుసగా ముడుచుకొనును. ఆ ప్రేరణ పుట్టకపోయినను, దారిలో నిలిచిపోయినను, గుండె మందగించి మనుష్యుడు మూర్ఛిల్లును. 1958లో స్వీడను దేశమున మొదటిసారిగా ఒక రోగి శరీరములోనే విద్యుత్ పరికరము నమర్చి గుండెను నడిపించిరి. పేస్‌మేకర్ అను ఆ పరికరము నేడు మన పట్టణములలోని ఆసుపత్రులలో సయితము అమర్చుచున్నారు. అది మెకంజీ చేసినది కాదు. కాని దెబ్బల క్రమమును చదువుట నేర్పినవారిలో ఆయన ముఖ్యుడు.

నాడిని గూర్చిన ఆయన గ్రంథము 1902లో వెలువడెను. మిల్లుల పట్టణపు వైద్యుని మాటను స్వదేశపు పెద్దలు తొలుత అంతగా లెక్కచేయలేదు. హాలెండు దేశీయుడగు వెంకెబాక్ మొదలగు విదేశీయులు ముందుగా నాదరించిరి. 1907లో, తన 54వ యేట, నిలుకడగానున్న బర్న్‌లీ పనిని విడిచి మెకంజీ లండనునకు బోయెను. 1908లో గుండె జబ్బులను గూర్చిన గొప్ప గ్రంథము ప్రకటించెను. 1913లో లండను ఆసుపత్రియందలి హృద్రోగ శాఖకు వైద్యుడయ్యెను. 1915లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, సర్ బిరుదమును లభించెను.

ఆ సమయముననే ఐరోపా మహాసంగ్రామము జరుగుచుండెను. వేలకొలది సైనికులు గుండె దడ, ఆయాసము, నీరసము అని చెప్పగా, గుండె జబ్బుగలవారని వారిని సైన్యమునుండి పంపివేయుచుండిరి. అట్టివారిని పరీక్షించుటకై 1916లో హామ్‌స్టెడునందు ప్రత్యేకముగా సైనికాసుపత్రి నేర్పరచిరి. మెకంజీ, లూయిస్ మొదలగువారు వీరిలో అనేకుల గుండెలు నిక్షేపముగా నున్నవని చూపిరి. అలసట, అంటురోగములు, మనోవేదన వారినట్లు చేసెను. రోగి యని ముద్రవేసి యింటికి పంపినచో జీవితాంతము అట్లే యుండెడి యువకులనేకులు తగిన వ్యాయామమువలన తిరిగి పనివారైరి.

ఇక ఆయన సొంత గుండె సంగతి. లండనులో నున్న కాలమునకే ఆయనకు రొమ్ము నొప్పి కలిగెను. నడక వేగమైనపుడు, మెట్టయెక్కునపుడు రొమ్మును బిగించి పట్టినట్లు వచ్చు ఈ నొప్పిని ఆంజైనా అందురు. గుండె శరీరమంతటికి నెత్తురు పంపును గాని, తన కండకు గావలసిన నెత్తురును తన మీదనే ప్రాకియుండు రెండు చిన్న ధమనులవలన బొందును. వీనిని కరోనరీ ధమనులందురు. వాని గోడలు గట్టిపడి, దారి యిరుకైనపుడు, విశ్రాంతిలోనున్న గుండెకు చాలు నెత్తురు, పనిచేయు గుండెకు చాలదు. ఆ లేమియే నొప్పిగా దెలియును. ఆ నొప్పి యెంత పనికి వచ్చుచున్నది, ఎంత విశ్రాంతికి తగ్గుచున్నది యని మెకంజీ తన శరీరమునందే కనిపెట్టి వ్రాసికొనెను. 1923లో ఆంజైనాను గూర్చి గ్రంథము వ్రాసినపుడు తన చరిత్రనుగూడ పేరు చెప్పక ఇతర రోగుల చరిత్రముల నడుమ జేర్చెను. తన బాధను గూడ ఒక రోగి చరిత్రగా జూడగల మనోనిబ్బరము ఎంతమందికి గలదు?

జబ్బు తెలిసియు ఆయన విశ్రమింపలేదు. లండనులో కీర్తియు ధనమును సమకూరుచున్న దశలోనే వానిని విడిచి, 1918లో స్కాట్లండునందలి సెయింట్ ఆండ్రూస్ అను చిన్న పట్టణమునకు బోయి, 1919లో రోగపరిశోధన సంస్థను స్థాపించెను. ఆ యూరి వైద్యులందరును తమ రోగుల చరిత్రములను ఒకే విధముగా వ్రాసి, ఒకచోట గూర్చుండి చర్చించి, ఒక్కొక్క కుటుంబమును బాల్యము మొదలు కనిపెట్టవలెనని ఆయన సంకల్పము. 1921లో గుండె జబ్బును గర్భమును గూర్చిన గ్రంథమును ప్రకటించెను. బర్న్‌లీలో ఆ యువతి మరణించి అప్పటికి సుమారు 40 సంవత్సరములు. ఏ గర్భిణి నిర్భయముగా బిడ్డను గనవచ్చునో, ఎవతెకు ప్రమాదమో యను ప్రశ్నకు తన శక్తికొలది జవాబు వ్రాసిన తరువాతనే ఆయన ఆ ఋణము తీర్చుకొనెనని మాకు తోచుచున్నది.

జబ్బు ముదురుటచే ఆయన మరల లండనునకు వచ్చి, 1925 జనవరి 26వ తేదీన పరమపదించెను. తన గుండెను పరీక్షింపవలెనని ఆయన ముందుగానే కోరియుండెను. మిత్రులగు వైద్యులు ఆ కోరికను నెరవేర్చిరి. కరోనరీ ధమనులు మిక్కిలి యిరుకై యుండెను. గుండె కండలో పూర్వపు దెబ్బలవలన గలిగిన మచ్చలు గనబడెను. ఆయన బ్రదికియున్నపుడు వ్రాసికొనిన నొప్పి చరిత్రకు ఆ గుండె యే సాక్ష్యమిచ్చెను. దానిని సెయింట్ ఆండ్రూస్‌లో భద్రపరచిరి. ఇతరుల గుండెలను పరీక్షింపజేసినవాడు తన గుండెను గూడ అదే పనికి సమర్పించెను.

ఆయన స్థాపించిన సంస్థ ఆయన తరువాత క్రమముగా క్షీణించెను. కాని ఒక యూరి ప్రజలను ఆరోగ్యదశనుండియే యేండ్ల తరబడి కనిపెట్టవలెనన్న తలంపు నశింపలేదు. 1948లో అమెరికా దేశమందలి ఫ్రామింగ్‌హామ్ పట్టణమున 5,209 మందిని అట్లే కనిపెట్టుటకు బూనుకొనిరి. పొగాకు, అధిక రక్తపుపోటు, నెత్తురులోని క్రొవ్వు కరోనరీ ధమనులకు హాని చేయుచున్నవని లోకమునకు స్పష్టపరచినది ఆ పట్టణపు లెక్కలే. యంత్రములపై మితిమీరిన నమ్మకము వైద్యునికి గూడదని మెకంజీ చెప్పుచుండెను. తరువాతి యంత్రములు ఆయన యనుకొనినదానికంటె నెక్కువ మేలు చేసినవని మనము న్యాయముగా నొప్పుకొనవలెను. అయినను రోగి మున్ముందు ఏమగునను ప్రశ్నను యంత్రము తనంతట తాను అడుగదు, దానిని మనుష్యుడే యడుగవలెను.

1926లో మెక్‌నేర్ విల్సన్ అనువారు రచించిన ఆయన జీవిత చరిత్రకు ప్రియవైద్యుడు అని పేరు పెట్టిరి. అది పౌలు తన పత్రికలో లూకాకు వాడిన విశేషణమని మన పాఠశాల బాలబాలికలకు దెలియును. ఆ పేరు తగినదని మేము తలచుటకు కారణము, ఆయన పాండిత్యము మాత్రమే కాదు. భయపడనక్కరలేనివారికి భయమును దీసివేయుటయు, ప్రమాదములో నున్నవారిని ముందుగా హెచ్చరించుటయు రెండును వైద్యుని ధర్మమని ఆయన నమ్మెను. ఆ ధర్మము నెరవేర్చుటకు ఆయన పట్టిన సాధనము ఒక పుస్తకము, ఒక కలము, ఓపిక.

విద్యార్థులారా, వల్లించుటలో వెనుకబడితిమని దిగులుపడువారు మీలో నుందురు. ఈ మహాశయుడును అట్టివాడే. చూచినదానిని చూచినట్లు వ్రాసియుంచు అలవాటు మీకు నేడే యలవడినచో, అది ఎచ్చటనున్నను మీకు ప్రయోగశాల కాగలదు. మన మిషను ఆసుపత్రులలోను పల్లె వైద్యశాలలలోను దినదినము చీట్లు వ్రాయు నర్సులును వైద్యులును తమ పని చిన్నదని తలపకుందురు గాక. ఒక స్త్రీ నాడి గీత పదునెనిమిదేండ్లు పదిలముగా నుంచబడినందుననే ఒక జబ్బు లోకమునకు తెలిసివచ్చెను.